సర్చులో పడుకోవద్దు

చిరంజీవి చిట్టితల్లికి,

పెద్దనాన్న ఆశీస్సులు. స్నేహితురాళ్లతో మనాలి నుంచి లేహ్‌కు రోడ్డు మీద వెళుతున్నావని మీ పెద్దమ్మ చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల అంత దూరం సొంతంగా వెళుతోందని గర్వపడ్డాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఢిల్లీ స్టేషన్ బయట ‘మీ రైలు రద్దయింది, నాతో రండి’ అనేవాడి వెంట పోవద్దు. లద్దాఖ్‌లో మన ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకో. ఉన్ని బట్టల సంగతి నీకు చెప్పక్కర్లేదు.

మీ మొదటి రాత్రి బస దారి మధ్యలోని సర్చు గుడారాల్లో అట. ఎవరు వేశారమ్మా ఆ పథకం? మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు, సర్చు 4,200 దాటుతుంది. ఒక్క పగటిలో అంత ఎక్కి, గాలి పలచగా ఉండే అక్కడే పడుకుంటే ఒళ్లు ఊరుకుంటుందా?

మీ నాన్న వద్దంటున్నాడని నీకు కోపం. వాడు నీకెప్పుడూ చెప్పి ఉండడు గానీ, పెళ్లికి ముందు మేమిద్దరం ఆ దారినే వెళ్లాం. అప్పటికి అటల్ సొరంగం లేదు, రోహ్‌తాంగ్ కనుమ ఎక్కి దిగాల్సిందే. సర్చుకంటే చాలా కిందున్న కేలాంగ్ ఊళ్లో ఆగుదామని డ్రైవరు బతిమాలాడు. ఒక రోజు కలిసొస్తుందని మీ నాన్న పట్టుబట్టి సర్చు దాకా తీసుకెళ్లాడు. చీకటి పడేసరికి గుడారంలో తల పట్టుకుని కూర్చున్నాడు. తాగిన టీ కూడా కక్కేశాడు. అర్ధరాత్రి లేచి నిలబడబోతే అడుగులు తడబడ్డాయి. అది ఎత్తు జబ్బు, వెంటనే కిందికి దించాలి. సర్చుతో చిక్కే అది, అక్కడి నుంచి దిగాలన్నా ముందు ఎక్కాలి. వెనక బారాలాచా లా, ముందు నకీ లా, లాచుంగ్ లా, అన్నీ సర్చుకంటే ఎత్తైన కనుమలే. డ్రైవరు ఆ చలిలోనే బండి వెనక్కి తిప్పాడు. తెల్లవారుతుండగా సూరజ్ తాల్ సరస్సు పక్క నుంచి పోయాం. అంత చక్కటి నీళ్లు మళ్లీ ఎక్కడా చూడలేదు, కానీ అప్పుడు నా చూపంతా ఒళ్లో ఉన్న మీ నాన్న ముఖం మీదే. కేలాంగ్ చేరాక సాయంత్రానికి పప్పు అన్నం మారు అడిగి తిన్నాడు, వెధవ! నాకు ముద్ద దిగలేదు.

కేలాంగ్‌లోనో దాని దగ్గర్లోని జిస్పాలోనో రెండు రాత్రులుండండి. ఆ తర్వాత తెల్లవారకముందే బయలుదేరితే వాగుల్లో నీళ్లు తక్కువగా ఉంటాయి. ఎండ ముదిరితే మంచు కరిగి పొంగుతాయి. సర్చులో తిని, ఎంత రాత్రయినా లేహ్ చేరి పడుకోండి. అదీ 3,500 మీటర్ల ఎత్తే కనుక రెండు రోజులు ఊళ్లోనే మెల్లగా తిరగండి. ఖర్దుంగ్ లా కనుమ ఎక్కడికీ పోదు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర సంగతి డాక్టరును అడుగు, అది వేసుకున్నామని మాత్రం తొందరపడవద్దు. తలనొప్పి వస్తే దాచకు. మీ నాన్న కేలాంగ్ దాటినప్పటి నుంచే దాచాడు. నువ్వు వాడి కూతురివి, నా భయమంతా అదే.

పథకం మార్చి నాకు పంపు. కేలాంగ్‌లో గది ఖాయమైందని చూశాక మీ నాన్నతో నేను మాట్లాడతాను. మీ పెద్దమ్మ సున్నుండలు చేస్తోంది. రెండు కిలోలు మోయలేనని నువ్వే చెప్పు, నా మాట వినదు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న