లగేజీతో అరకు ఘాట్ ఎక్కాలి: 50-34 క్రాంక్, 12-28 క్యాసెట్ సరిపోతాయా?

మీ దగ్గరున్నది 10 స్పీడ్ (వెనక పది గేర్లున్న) రోడ్డు సైకిల్. ముందు పెడల్ దగ్గరి క్రాంక్‌కి 50, 34 పళ్ల చక్రాలు, వెనక క్యాసెట్‌లో 12 నుంచి 28 పళ్ల దాకా చక్రాలు. దానికి పదిహేను ఇరవై కిలోల సంచులు కట్టి వైజాగ్ నుంచి అరకు వెళ్దామనుకుంటున్నారు. గేర్లు మార్చాలా, కాళ్లకి ప్రాక్టీసు ఇస్తే చాలా అని అడిగారు. మార్చండి. ప్రాక్టీసు చాలనుకుని ఇవే గేర్లతో బయల్దేరినవాణ్ని నేను.

ఎస్.కోట దాటి బొడ్డవర వరకు హాయిగానే వెళ్లాను. ఘాట్ మొదలయ్యాక టైడా వచ్చేసరికి పెడల్ నిమిషానికి నలభైసార్లు తిరగడమే కష్టమైంది. ఊపిరికి ఇబ్బంది లేదు, కుడి మోకాలి చిప్ప కిందే పొడుస్తున్నట్టు నొప్పి. అనంతగిరి దాకా సగం దూరం తోసుకుంటూనే వెళ్లాను. సంచులతో ఉన్న సైకిల్ని తొయ్యడం తొక్కడం కన్నా కష్టం, పెడల్ పిక్కకి కొట్టుకుంటూ ఉంటుంది.

లెక్క చెబుతాను. 700x32 టైరు చుట్టుకొలత సుమారు 2.15 మీటర్లు. 34/28లో, అంటే ముందు 34, వెనక 28 పళ్ల మీద, పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి 2.6 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లంటే గంటకి 9.4 కిలోమీటర్ల వేగం. మనిషి, సైకిల్, సామాను కలిపి 110 కిలోలైతే, 6 శాతం వాలు మీద ఆ వేగానికి దాదాపు 190 వాట్లు కావాలి. అది నాలాంటివాడు గంటలకొద్దీ ఇవ్వగలిగే శక్తి కాదు. అందుకే పెడల్ తిప్పడం నెమ్మదిస్తుంది, ఆ బరువంతా మోకాలు మోస్తుంది. అదే 30/36 అయితే చుట్టుకి 1.8 మీటర్లు, గంటకి 6.4 కిలోమీటర్లు, సుమారు 130 వాట్లు. సామాను తగ్గించుకోమని అందరూ చెబుతారు. రెండు జీన్స్ ప్యాంట్లు ఇంట్లో వదిలేస్తే మంచిదే, కానీ 110లో మూడు కిలోలు పోతే కలిసొచ్చేది మూడు శాతం లోపే. గేరుతో ముప్పై శాతం కలిసొస్తుంది.

నేను మొదట వెనక వైపు మార్చాను. ఎమ్‌టీబీ (మౌంటెన్ బైక్) 10 స్పీడ్ 11-36 క్యాసెట్ మీ హబ్ (వెనక చక్రం మధ్య భాగం) మీదే కూర్చుంటుంది, పళ్ల మధ్య దూరం కూడా ఒకటే. చిక్కంతా చైన్‌ని ఒక పళ్లచక్రం మీద నుంచి ఇంకోదాని మీదకి జరిపే డీరేలర్‌తోనే. మీ షిఫ్టర్లు (గేర్లు మార్చే మీటలు) షిమానో టియాగ్రా 4600 అయితే 9 స్పీడ్ ఎమ్‌టీబీ డీరేలర్ పొడుగు కేజ్‌ది (చైన్‌ని బిగువుగా ఉంచే కింది చెయ్యి పొడుగ్గా ఉన్నది) వాడుకోవచ్చు, ఎందుకంటే రెండింటికీ కేబుల్ లాగే కొలత కలుస్తుంది. 10 స్పీడ్ ఎమ్‌టీబీ డీరేలర్ మాత్రం కొనకండి. పేరులో 10 ఉందని చాలామంది అదే కొంటారు, గేర్లు ఒక్కటీ సరిగా పడవు. 4700 అయితే ఈ చిట్కా పనిచేయదు. దానికి దాని సొంత పొడుగు కేజ్ డీరేలర్, 11-34 క్యాసెట్ వేసుకోండి. నా డీరేలర్ మీద గరిష్ఠం 34 అని ఉన్నా, బి-స్క్రూ (డీరేలర్‌ని క్యాసెట్‌కి దూరంగా జరిపే మర) బాగా బిగించాక 36 పట్టింది.

ఇక్కడే ఒక తప్పు చేశాను. క్యాసెట్ మార్చి పాత చైనే ఉంచాను. ఇంటి ముందు వీధిలో చూస్తుండగా చెయ్యి పొరపాటున ముందు 50, వెనక 36 వేసింది. టక్కుమని చప్పుడైంది, చక్రం ఆగిపోయింది. వంగి చూస్తే డీరేలర్ ముందుకి సాగిపోయి కర్రలా నిలబడింది, దాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ లోపలికి వంగింది. ఇంకొక్క పెడల్ గట్టిగా తొక్కి ఉంటే అది స్పోకుల్లో దూరేది. కొత్త చైన్ని డీరేలర్ గుండా పోనివ్వకుండా నేరుగా ముందు పెద్దదానికి, వెనక పెద్దదానికి చుట్టి, అవి కలిసిన చోట నుంచి రెండు లింకులు ఎక్కువ ఉంచి కత్తిరించాలి. ఆ గేరు ఎప్పుడూ వాడనని అనుకోకండి, అలసిపోయినప్పుడు చెయ్యి అక్కడికే వెళ్తుంది.

34/36తో ఘాట్ ఎక్కగలిగాను గానీ గాలికొండ ముందు మలుపుల్లో ఇంకొక్క గేరు ఉంటే బావుండుననిపించింది. ముందు 34ని ఇంకా చిన్నది చేద్దామంటే మీ క్రాంక్‌లో కుదరదు. పళ్లచక్రాన్ని బిగించే బోల్టుల వృత్తం వ్యాసం 110 మిల్లీమీటర్లుంటే 33 పళ్ల కంటే చిన్నది పట్టదు, ఒక్క పన్ను తేడా కోసం డబ్బు దండగ. అందుకే క్రాంక్ మొత్తం మార్చి 46-30 వేశాను. ముందు డీరేలర్‌ని ఎనిమిది మిల్లీమీటర్లు కిందికి దించాల్సి వచ్చింది. దాన్ని ఫ్రేమ్‌కి పట్టీతో బిగించి ఉంటే సులువు. ఫ్రేమ్‌కి వెల్డింగ్ చేసిన చిన్న పలక మీద ఉంటే అంత కిందికి దిగుతుందో లేదో కొనే ముందే కొలుచుకోండి.

పై గేరు పోతుందన్న బెంగ వద్దు. 46/11లో నిమిషానికి తొంభై చుట్లు తిప్పితే 48 కిలోమీటర్ల వేగం. సంచులతో ఆ ఘాట్ దిగేటప్పుడు నేను బ్రేకుల మీద నుంచి వేళ్లు తియ్యను, తొక్కే మాటే లేదు.

మొదట వెనక వైపు మాత్రమే మార్చి, సంచుల్లో పదిహేను లీటర్ల నీళ్ల బాటిళ్లు పెట్టుకుని సింహాచలం కొండ రోడ్డు ఎక్కి చూడండి. అక్కడ కూర్చునే తొక్కగలిగితే క్రాంక్ ఖర్చు వాయిదా వేసుకోవచ్చు. మీ షిఫ్టర్ అడుగున ఉండే మోడల్ నంబర్ రాస్తే ఏ డీరేలర్ కొనాలో చెబుతాను.