జపాన్ గెలిచి ఉంటే కాకినాడ ఎలా ఉండేది?

పోయిన సంచికలో ‘ద మ్యాన్ ఇన్ ద హై కాజిల్’ సీరీస్ గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, కోనసీమ నుంచీ ఆ చుట్టుపక్కల నుంచీ ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వరసపెట్టి వచ్చాయి. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈ ఒక్క విషయమే తీసుకుంటున్నాను. చూడనివాళ్ల కోసం చిన్నగా చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ, జపాన్ గెలిచాయనుకుని అల్లిన కథ ఇది. అమెరికాలో తూర్పు వైపంతా నాజీల చేతిలో ఉంటుంది, పడమటి తీరం జపాన్ చేతిలో ఉంటుంది, మధ్యలో కొండల దగ్గర ఎవరికీ చెందని ముక్క ఒకటి. ఫిలిప్ కె. డిక్ 1962లో ఈ నవల రాశాడు, మరుసటి ఏడాదే సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. అమెజాన్ వాళ్లు దాన్ని 2015 నుంచి 2019 దాకా నాలుగు సీజన్లు, మొత్తం 40 ఎపిసోడ్లుగా తీశారు.

ప్రశ్న: అక్కయ్య గారూ, నేనూ మా అబ్బాయీ రాత్రిళ్లు ఈ సీరీస్ చూస్తున్నాం. మావారు హైస్కూల్లో సోషల్ మాస్టారు. జరగనిదాన్ని జరిగినట్టు చూపిస్తుంటే పిల్లాడు రేపు పరీక్షలో అదే రాసొస్తాడని ఆయనకి ఒకటే టెన్షన్. ఆపేయమంటారా?
– ఒక గృహిణి, అంబాజీపేట

జవాబు: ఆపొద్దమ్మా. మాస్టారి భయం నాకు అర్థమైంది గానీ, ఇలాంటి కథ అసలు చరిత్ర తెలిసినవాడికే రుచిస్తుంది, తెలియనివాడికి అది మామూలు యుద్ధం కథే. 1933 ఫిబ్రవరిలో మయామీలో జంగారా అనేవాడు అమెరికా ప్రెసిడెంట్ కాబోతున్న రూజ్‌వెల్ట్ మీద కాల్పులు జరిపాడు. ఆయన బతికిపోయాడు, పక్కనున్న షికాగో మేయర్ సెర్మాక్‌కి తూటా తగిలి కొన్నాళ్లకి చనిపోయాడు. ఇదంతా నిజంగా జరిగింది. నవల్లో మాత్రం జంగారా గురి తప్పదు. రూజ్‌వెల్ట్ పోతాడు, ఆర్థిక మాంద్యం నుంచి అమెరికా కోలుకోదు, యుద్ధానికి సిద్ధంగా ఉండదు, చివరికి ఓడిపోతుంది. రచయిత కదిపింది ఆ ఒక్క రాయినే, మిగతా గోడంతా దానంతటదే ఒరిగింది. మీరో పని చేయండి. రేపు రాత్రి మాస్టారిని కూడా కూర్చోబెట్టండి. ఎపిసోడ్ అవగానే అబ్బాయిని అడగమనండి, “ఇందులో ఏది జరిగింది, ఏది జరగలేదు, ఎక్కడ దారి మళ్లింది?” అని. జవాబు కోసం వాడు పాఠ్యపుస్తకం తియ్యాల్సిందే. మాస్టారికి కావలసింది కూడా అదే కదండీ. పిల్లాడి వయసెంతో మీరు రాయలేదు. హింస బాగానే ఉంటుంది, చిన్నవాడైతే మాత్రం ఇప్పుడే వద్దు.

ప్రశ్న: నవల చదివాక సీరీస్ మొదలుపెట్టాను. జాన్ స్మిత్ అనే నాజీ ఆఫీసరు నవల్లో లేనే లేడు. నవల్లో నిషేధించిన పుస్తకం ఉంటే సీరీస్‌లో దాని బదులు సినిమా రీళ్లు పెట్టారు. రచయిత 1982లోనే పోయాడు. అడిగేవాడు లేడు కదా అని ఇలా మార్చేయడం అన్యాయం కాదా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, రాజోలు

జవాబు: బాబూ, రీళ్ల విషయంలో నీతో వాదించను, తెర మీద ఒక మనిషి కూర్చుని పుస్తకం చదువుతుంటే మనం ఎంతసేపని చూస్తాం, అది మార్చక తప్పదు. అయినా నవల్లో ఆ పుస్తకానికున్న తమాషా వేరు. జర్మనీ, జపాన్ ఓడిపోయినట్టు రాసిన నవల అది, అంటే అక్కడివాళ్లకి మన ప్రపంచమే కల్పన. నవల్లో నాకు ఇంకా ఇష్టమైన చోటు ఆ రెండు లైటర్ల దగ్గర. ఒకాయన రెండు సిగరెట్ లైటర్లు తీసి ఒకమ్మాయి చేతిలో పెడతాడు. రూజ్‌వెల్ట్‌ని చంపినప్పుడు ఆయన జేబులో ఉన్నది వీటిలో ఒకటి, రెండోది మామూలుది, ఏది ఏదో చెప్పమంటాడు. ఆ అమ్మాయి అటూ ఇటూ తిప్పి చూస్తుంది, బరువు, రంగు, గీతలు, ఏ తేడా కనిపించదు. విలువంతా దానితో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో ఉంది. చరిత్రని మనం దేన్ని చూసి నమ్ముతున్నామన్న ప్రశ్నని ఆ ఒక్క పేజీలో అడిగేశాడాయన.

జాన్ స్మిత్ విషయంలో మాత్రం నీతో ఒప్పుకోను. మొదటి ఎపిసోడ్ గుర్తు తెచ్చుకో. ఒక కుర్రాడు లారీ నడుపుకుంటూ పోతుంటే దారిలో టైరు పంక్చరవుతుంది. ఒక పోలీసాయన వచ్చి ఆగుతాడు, మర్యాదగానే మాట్లాడతాడు. ఆకాశం నుంచి బూడిద రాలుతుంటుంది. ఇదేమిటని కుర్రాడు అడిగితే, ఆసుపత్రి నుంచి వస్తోందని, మంగళవారాలు అవిటివాళ్లనీ నయంకాని జబ్బున్నవాళ్లనీ కాలుస్తారనీ పోలీసాయన వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్తాడు. అక్కడ నాకు కాఫీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఆ బూడిద రోడ్డు మీద ఆగిపోలేదు. కొన్ని ఎపిసోడ్లయ్యాక స్మిత్ కొడుక్కి నయంకాని జబ్బని డాక్టరు చెప్తాడు. చట్టం అందరికీ ఒకటే. ఒకప్పుడు అమెరికా సైన్యంలో పనిచేసి, ఓడిపోయాక గెలిచినవాళ్ల యూనిఫాం తొడుక్కుని, ఆ చట్టాన్నే నిలబెట్టిన మనిషి రాత్రి భోజనాల బల్ల దగ్గర కొడుకు ఎదురుగా కూర్చుని ముద్ద మింగలేకపోతాడు. రూఫస్ సెవెల్ చేశాడా పాత్ర. తర్వాత ఏమవుతుందో చూడనివాళ్ల కోసం చెప్పను. ఇంత బలమైన మనిషిని కొత్తగా పుట్టించారంటే నవలని పాడుచేశారని నేననను, నవల అడిగిన ప్రశ్ననే ఇంకో ఇంట్లోకి తీసుకెళ్లారు. మూడు, నాలుగు సీజన్లలో వేరే ప్రపంచాల్లోకి వెళ్లే యంత్రాలూ అవీ వచ్చాక కథ పలచబడిందన్నది నిజం. అక్కడ నువ్వు తిట్టుకుంటే నేనూ తోడొస్తాను.

ప్రశ్న: ఇలాంటివే ఇంకా ఏమున్నాయో చెప్పండి.
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: అమెరికా ప్రెసిడెంట్ కెనడీ హత్యని ఆపడానికి ఒక టీచరు కాలంలో వెనక్కి వెళ్లే ‘11.22.63’ ఉంది, స్టీఫెన్ కింగ్ 2011 నవల, సీరీస్ 2016లో వచ్చింది, ఎనిమిదే ఎపిసోడ్లు. జర్మన్ల చేతిలో ఉన్న లండన్‌లో ఒక పోలీసు డిటెక్టివ్ కథ ‘ఎస్‌ఎస్-జీబీ’, లెన్ డైటన్ 1978 నవలని బీబీసీ 2017లో అయిదు ఎపిసోడ్లు తీసింది. ఒక్కటే చూసే తీరిక ఉంటే ‘ద ప్లాట్ ఎగెనెస్ట్ అమెరికా’ చూడండి. ఫిలిప్ రాత్ 2004 నవల, హెచ్‌బీఓలో 2020లో ఆరు ఎపిసోడ్లుగా వచ్చింది. విమానాల హీరో లిండ్‌బర్గ్ 1940 ఎన్నికల్లో ప్రెసిడెంట్ అయిపోతాడు. అది సైన్స్ ఫిక్షన్ కాదు గానీ, కథంతా ఒక యూదు కుటుంబం ఇంట్లోంచి కనిపిస్తుంది, అందుకే నాకు నచ్చింది.

ప్రశ్న: మన గోదావరి జిల్లాల మీద ఇలాంటి కథ రాయాలని ఉంది. ఎక్కడ మలుపు తిప్పితే బాగుంటుంది? 1758లో చందుర్తి యుద్ధం తీసుకోనా?
– యానాం నుంచి ఒక యువకుడు

జవాబు: చందుర్తి మంచి ఆలోచనే. ఆ డిసెంబరులో ఇంగ్లీషువాళ్లూ విజయనగరం రాజుగారూ కలిసి ఫ్రెంచివాళ్లని ఓడించారు. అటూ ఇటూ అయి ఉంటే మన తాతలు ఏ భాషలో దరఖాస్తులు రాసేవాళ్లో. కానీ యానాంలో ఉండి నువ్వు చందుర్తి దాకా పోవడమెందుకు? 1954 దాకా మీ ఊరు ఫ్రెంచివాళ్లదే. ఇక్కడ ఇంగ్లీషువాళ్లు శారదా చట్టం తెచ్చి బాల్యవివాహాలు ఆపితే, ఆ చట్టం చెల్లని యానాంలో పెళ్లిళ్లు చేసుకునేవాళ్లు, మీ ఊరికి కల్యాణపురం అని పేరు కూడా వచ్చింది. ఏటికి ఇవతల ఒక చరిత్ర, అవతల ఇంకో చరిత్ర, మధ్యలో పడవ. ఇది నిజంగా జరిగింది, కల్పించక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టకపోయి ఉంటే అని కూడా కొందరు రాస్తారు. 1852కి ముందు ఈ డెల్టా కరువులు చూసిందన్నది నిజమే గానీ, ఆ కథలో లేమి తప్ప మనుషుల మధ్య పేచీ పుట్టడం కష్టం.

నన్నడిగితే 1942 ఏప్రిల్ 6 తీసుకో. ఆ రోజు ర్యూజో అనే జపాన్ నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులేశాయి. తర్వాత వాళ్ల నౌకలు బంగాళాఖాతం వదిలి వెనక్కిపోయాయి. పోకుండా తీరానికి దిగి ఉంటే? మా నాయనమ్మకి అప్పుడు పదేళ్లు. కాకినాడ చుట్టాలు ఎడ్లబండి మీద మా ఊరు వచ్చేశారట. బండిలో పరుపుచుట్టలు, ఇత్తడి బిందె, మూతికి గుడ్డ బిగించి కట్టిన పాత ఆవకాయ జాడీ. వానలు పడేదాకా వాళ్లు వెనక్కి వెళ్లలేదట, ఆ వేసవి కొత్తావకాయ మా పెరట్లోనే కలిపారట.

నీ కథలో వాళ్లకి తిరిగి వెళ్లే దారి లేదనుకో. ఏడాదయింది, రెండేళ్లయింది, జపాన్ వాళ్ల దివాణం కాకినాడలో నడుస్తోంది. ధాన్యం లెక్కలు ఎవరు రాస్తున్నారు? ఆ ఇంట్లో చదువుకున్న కుర్రాడు ఆ ఉద్యోగంలో చేరితే పెద్దాయన ఏమన్నాడు? తిండిగింజలు ఇంటికి తెస్తున్నాడు కాబట్టి ఏమీ అనలేకపోయాడా? అక్కణ్నుంచి మొదలుపెట్టు, సైన్యాలూ జెండాలూ వాటంతటవే వస్తాయి. మొదటి పది పేజీలు అయ్యాక మాకు పంపు, నేనే చదివి జవాబు రాస్తాను.