టెక్ సందేహాలు: ఆర్కే బీచ్‌లో దిక్కు తప్పిన స్కై మ్యాప్

ఫోన్‌ను ఆకాశం వైపు పెడితే అక్కడి చుక్కల పేర్లు చూపించే స్కై మ్యాప్ యాప్ వేసుకున్నాను. విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడి సముద్రం వైపు పెడితే తూర్పున ఉండాల్సిన చుక్కలను ఉత్తరాన చూపిస్తోంది. మా మేడ మీద ఒక్కోసారి సరిగ్గానే ఉంటోంది. ఫోన్ పాడైందా సార్?
– ఇంజినీరింగ్ విద్యార్థి, మద్దిలపాలెం

ఫోన్‌ను అనుమానించే ముందు దాని కవర్ తీసి చూడండి. ఈ యాప్‌లకు మూడు సెన్సర్లు ఆధారం. ఫోన్ ఎంత వంగిందో యాక్సెలరోమీటర్ చెబుతుంది. ఎంత తిరిగిందో గైరోస్కోప్ చెబుతుంది. దిక్కు చెప్పేది మాగ్నెటోమీటర్. మొదటి రెండూ పెద్దగా పేచీ పెట్టవు, గొడవంతా మూడోదానితోనే. అది కొలవాల్సిన భూమి అయస్కాంత క్షేత్రం చాలా బలహీనం. ఫ్లిప్ కవర్‌లోని చిన్న అయస్కాంతం, బీచ్ రోడ్డు ఇనుప రెయిలింగ్, మీరు ఆనుకుని నిలబడ్డ బండి, వీటిలో ఏదైనా దాన్ని పక్కకు లాగేయగలదు. బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్‌ను ఆనుకుని చూస్తున్నారంటే మాత్రం ఇక చెప్పేదేముంది! ఇసుకలోకి దిగి, నాలుగడుగులు దూరం జరిగి, ఫోన్‌ను గాల్లో ఎనిమిది అంకె గీస్తున్నట్టు కొన్నిసార్లు తిప్పండి. చాలావరకు దారికొస్తుంది.

దారికొచ్చిందో లేదో తేల్చుకోవడానికి వైజాగ్ వాళ్లకు ఒక మంచి వసతి ఉంది. మృగవ్యాధుడి (ఓరియన్ మండలం) నడుములో వరుసగా మూడు చుక్కలు ఉంటాయి కదా, మన పెద్దవాళ్లు గొల్లకావడి అనేవి. వాటిలో ముందుగా పైకి వచ్చేదాని పేరు మింటాకా. అది దాదాపు ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) మీదే ఉంది కాబట్టి ఎప్పుడూ సరిగ్గా తూర్పునే ఉదయిస్తుంది. నవంబర్ మూడో వారంలో రాత్రి ఏడున్నరకు సముద్రం అంచుకు వస్తుంది, మంచు తెర దాటి మన కంటికి ఆనేసరికి ఎనిమిదవుతుంది. అప్పుడు ఫోన్‌లో దిక్సూచి తెరిచి దాని వైపు పెట్టండి. తూర్పుకు గుర్తు అయిన 90 డిగ్రీలకు అటూ ఇటూగా చూపిస్తే సరే. 60 అనో 120 అనో అంటే మళ్లీ తిప్పాల్సిందే. కొన్ని చవక ఫోన్లలో మాగ్నెటోమీటరే ఉండదు. మీది అలాంటిదైతే ఎన్ని ఎనిమిదులు గీసినా లాభం లేదు. ఆటోమేటిక్ మోడ్ ఆపేసి, మ్యాప్‌ను వేలితో జరుపుకుంటూ చూసుకోండి.

చిన్నప్పుడు మా ఊళ్లో ఆరుబయట పడుకుని పిల్లలకోడి, గొల్లకావడి నేర్చుకున్నాను. మా మనవలేమో ఫోన్ ఎత్తి పేర్లు చదువుతారు, ఫోన్ దించితే ఒక్కటీ గుర్తుపట్టలేరు. వీళ్లకు నేర్పే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?
– రిటైర్డ్ ఉద్యోగి, గాజువాక

ఉందండీ, కానీ దాన్ని ఆకాశం కింద కాకుండా ఇంట్లో వాడాలి. కంప్యూటర్‌లో ఆకాశాన్ని తెర మీద చూపించే స్టెల్లేరియం వేయండి, ఉచితం. ఎఫ్6 నొక్కి ఊరు విశాఖపట్నం పెట్టండి. ఎఫ్5తో ఆ రోజు రాత్రి ఎనిమిదింటికి సమయం మార్చండి. సి మీట నొక్కితే నక్షత్రమండలాల గీతలు వస్తాయి, మళ్లీ నొక్కితే పోతాయి. పేర్లకు వి మీట. రెండూ ఆపేసి, ‘కృత్తికలు (మీ పిల్లలకోడే) ఎక్కడున్నాయో చూపించు’ అని పిల్లలను అడగండి. వేలు పెట్టాక సి నొక్కి సరిచూడండి. ఆ తర్వాతే మేడ ఎక్కాలి. ఫోన్ జేబులోనే ఉండాలి, వాదన వచ్చినప్పుడు తీర్పు చెప్పడానికి మాత్రమే బయటికి రావాలి. అలా తీసినప్పుడు ఎర్ర వెలుగు మోడ్ పెట్టండి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది, తెల్లటి తెర ఒక్కసారి చూస్తే మళ్లీ మొదటికే.

ఆకాశంలో మొత్తం 88 మండలాలున్నాయి. అన్నీ నేర్పాలని చూడకండి. గొల్లకావడి ఒక్కటి పట్టుబడితే చాలు. ఆ మూడు చుక్కల గీతను పైకి పొడిగిస్తే ఎర్రగా ఉండే రోహిణి, ఇంకా పైకి వెళ్తే మీ పిల్లలకోడి. కిందికి పొడిగిస్తే సిరియస్ వస్తుంది. అయితే నవంబర్‌లో అది తేలేది రాత్రి తొమ్మిది దాటాకే.

ఒక్క జాగ్రత్త. ఇంటర్నెట్‌లో దొరికే ఇంగ్లీషు గైడ్లు ఎక్కువగా లండన్, న్యూయార్క్ వాళ్ల కోసం రాసినవి. ‘సప్తర్షులు ఏడాది పొడవునా కనిపిస్తారు, ముందు వాళ్లను వెతకండి’ అని ఉంటుంది. మనం ఉన్నది 17.7 డిగ్రీల అక్షాంశం మీద. నవంబర్ సాయంత్రం సప్తర్షులు మనకు దిగంతం కిందే ఉంటారు. అరుంధతిని చూపించాలంటే ఏప్రిల్, మే దాకా ఆగాలి. ఇప్పుడు ఉత్తరాన ఎత్తుగా కనిపించేది ఎమ్ ఆకారంలో ఉండే శర్మిష్ఠ (కాసియోపియా) మండలం. ధ్రువ నక్షత్రం కూడా మనకు 18 డిగ్రీల ఎత్తే, చేయి చాపి పిడికిళ్లు ఒకదానిమీద ఒకటి పెడితే రెండు పిడికిళ్లు కూడా నిండవు. ఇళ్ల మధ్య నుంచి చూస్తే ఏ కొండో అపార్ట్‌మెంటో అడ్డొస్తుంది. దానికి బదులు మనకు దక్కేదీ ఉంది. లండన్ వాళ్లకు ఎన్నడూ కనిపించని అగస్త్య నక్షత్రం ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి తొమ్మిదికి దక్షిణాన మెరుస్తూ ఉంటుంది. మే మధ్యలో అదే వేళకు అదే దిక్కున త్రిశంకు (సదరన్ క్రాస్) మండలం కూడా వస్తుంది, కాస్త కిందుగా.

మా బాబుకు ఆన్‌లైన్‌లో ‘525 ఎక్స్’ (525 రెట్లు పెద్దగా చూపిస్తుందట) టెలిస్కోపు కొందామనుకుంటున్నాను. నక్షత్రమండలాలు బాగా కనిపిస్తాయా?
– గృహిణి, సీతమ్మధార

కనిపించవండీ, కొనకండి. టెలిస్కోపు చూపించేది ఆకాశంలో అగ్గిపుల్ల మందమంత ముక్క. మృగవ్యాధుడు అందులో పట్టడు. పైగా లెన్స్ వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు మించి పెద్దది చేస్తే బొమ్మ మసకబారుతుంది. 50 మిల్లీమీటర్ల గాజుకు వంద రెట్లే గరిష్ఠం, మిగతాది డబ్బా మీద అంకె. ఆ డబ్బుతో 10×50 (పది రెట్లు పెద్దగా చూపించే, 50 మిల్లీమీటర్ల లెన్సులున్న) బైనాక్యులర్స్ తీసుకోండి. కృత్తికలు వాటిలో చూస్తే బాబు కిందికి దిగనంటాడు. సముద్రపు తేమకు లెన్సులకు బూజు పడుతుంది కాబట్టి సిలికా జెల్ ప్యాకెట్లు వేసి గాలి చొరబడని డబ్బాలో దాచండి.

విశాఖకు టెలిస్కోపు కొత్తేం కాదు లెండి. 1840లోనే గోడే వెంకట జగ్గారావు డాబాగార్డెన్స్‌లో సొంతంగా అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. 1874లో శుక్రుడు సూర్యుడి మీదుగా దాటినప్పుడు ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు పరిశీలించి నమోదు చేశారు. ఇప్పుడు అదే డాబాగార్డెన్స్‌లో నిలబడి తల ఎత్తితే ముందు కనిపించేవి హోర్డింగులే.

చుక్కల యాప్ ఒకటి కాంటాక్ట్స్ అనుమతి అడుగుతోంది. ఇవ్వాలా?
– పెందుర్తి నుంచి ఒక పాఠకుడు

వద్దు. దానికి కావాల్సింది లొకేషన్ ఒక్కటే, అదీ ఇష్టం లేకపోతే అక్షాంశం 17.7, రేఖాంశం 83.3 అని చేత్తో కొట్టుకోవచ్చు. కాంటాక్ట్స్ ఇస్తేగానీ తెరుచుకోనంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి స్టెల్లేరియం మొబైల్ వేసుకోండి.