హీప్ లీచింగ్‌లో ద్రావణం ఎక్కువ వదిలితే లోహం తొందరగా వస్తుందా?

రాదు అన్నా, ఇంకా లేటయితది. ఎవరేం చెప్పినా నా జవాబిదే, ఎందుకంటే ఆ తప్పు నా షిఫ్టుల్నే జరిగింది.

మాది నల్లగొండ దగ్గర పల్లె, బత్తాయి తోట. చదువైనంక ఆఫ్రికాలో ఒక రాగి గనిల మూడేండ్లు చేసిన. ఆడ పలగ్గొట్టిన రాయిని ఆరు మీటర్ల ఎత్తు కుప్ప పోసి, పైన డ్రిప్పు పైపులు పరిచి, పల్చటి సల్ఫ్యూరిక్ ఆసిడ్ వదుల్తరు. అది రాగిని కరిగించుకుంట దిగి, అడుగున షీటు మీదికి నీలంగ వస్తది. గిదే హీప్ లీచింగ్. చదరపు మీటరుకు గంటకు 8 లీటర్లు మా లెక్క. ఆ నెల రాగి తగ్గిందని పై సారు 15 చెయ్యమన్నడు. చేసినం.

రెండో రోజుకే కుప్ప మీద మడుగులు. కింద కాలువల ధార జోరందుకున్నది, సారు ఖుషీ. నేనైతే రంగు చూస్తున్న, నీలం పల్చబడుతున్నది. వారానికి ఆపి, ఒక పక్క పొక్లెయిన్‌తోని కోయించినం. పెద్దరాళ్ల సందుల్లకెల్లి పైనుంచి కిందిదాక అరచెయ్యంత వెడల్పు నీలం చార. దానికి జానెడు దూరంల సన్నపొడి, పిడికిట్ల ఒత్తితే ముద్ద గూడ కట్టలే.

ఫొటో పంపితే మా నాయిన "మన మూడో సాలు లెక్కనే ఉంది గద బిడ్డా" అన్నడు. ఆ సాల్ల పైపు వదిలితే నీళ్లన్నీ ఎలుక బొరియల వడి పోతయ్, చెట్టు మొదట్ల తడుండది. కుప్పల గూడ అంతే. మెల్లగ పడితే సన్నది గుంజుకుంటది, జోరుగ పడితే లావు సందులల్ల జారిపోతది. ఒకసారి తొవ్వ పడ్డంక ధార తగ్గించినా ఆ తొవ్వనే పడ్తది.

స్ప్రింక్లర్లు మేలనేటోళ్లున్నరు. సమంగ తడుపుతయ్ గని ఎండకు, గాలికి మస్తు ఆవిరైతది, తుంపరకు నా రెండు అంగీలు చిల్లులు పడ్డయ్. డ్రిప్పుకేమో మూసుకపోయే రోగం. మా తోటల సున్నం పడితే ఆసిడ్ ఎక్కించి కడుగుతం. ఆడ పారేదే ఆసిడ్, అయినా జిప్సం పట్టి మూసుకపోయేటివి! ఉడుతలు పైపులు కొరుకుడు ఒక్కటి తప్పింది.

నన్నడిగితే తప్పు కుప్ప పోసుట్లనే ఉంది. కన్వేయర్ మీదికెల్లి పడ్డప్పుడు లావుది కిందికి దొర్లుతది, సన్నది పైన్నే ఆగుతది. ముందే డ్రమ్ముల తిప్పి సన్నపొడిని తడిపి ఉండలు కట్టిస్తే ఈ గోస చానా తగ్గుతది. ఖర్చని ఆ డ్రమ్ము ఆపిచ్చింది గూడ ఆ సారే.

ఆఖరికి ధారను 6 లీటర్లకు దించి, పైపులు కొంచెం పక్కకు జరిపి, మూడు రోజులు వదిలి రెండు రోజులు ఆపుకుంట నడిపినం. రంగు మళ్ల ఎక్కేసరికి నెలన్నర పట్టింది. అప్పటికి సారు ప్రమోషన్ మీద వేరే గనికి పోయిండు.