రెండో కార్డు కొనకముందే 1600 వాట్ల ఎస్‌ఎంపీఎస్ అవసరమా?

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంట, వయసు 26. పెళ్ళి వీడియోల ఎడిటింగ్‌పై నెలకు రూ.32,000 వరకు వస్తుంది, ఖర్చులు రూ.22,000 అవుతాయి. పొదుపు రూ.60,000 ఉంది. రాత్రిళ్ళు గేములు ఆడతాను. నా కంప్యూటర్‌లో ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డు ఉంది, కానీ గేమ్ మధ్యలో పాత 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) ఆగిపోతోంది. ఆటలు ఇంకా బాగా ఆడాలని అలాంటిదే రెండో కార్డు సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకుంటున్నాను. ఎస్‌ఎంపీఎస్ 850 వాట్ల గోల్డ్‌కు రూ.11,000, 1200 వాట్లకు రూ.21,000, 1600 వాట్లకు రూ.42,000 చెబుతున్నారు. పెద్దదే ఈఎంఐలో తీసుకోమని మిత్రులు అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: 850 వాట్ల గోల్డ్ తీసుకోండి. ఈఎంఐ వద్దు, పొదుపులోంచే చెల్లించండి. మీ ప్రశ్న ఎస్‌ఎంపీఎస్ గురించి అయినా, అసలు ఖర్చు రెండో కార్డు దగ్గర ఉంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

రెండు కార్డులు కలిసి ఒకే గేమ్‌ను నడిపే ఎస్‌ఎల్‌ఐ పద్ధతికి కాలం చెల్లింది. 20 సిరీస్, అంతకు ముందరి కార్డులకు కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్ళు (ఒక్కో గేమ్‌కు కావాల్సిన సెట్టింగులు) ఇవ్వడాన్ని, ఈ కార్డుల కంపెనీ ఎన్‌విడియా 2021 జనవరి 1 నుంచి ఆపేసింది. మీ 3090 విషయంలో, గేమ్ తయారుచేసినవారే తమ గేమ్‌లో ఆ సౌకర్యం పెట్టి ఉంటే తప్ప రెండో కార్డు పనిచేయదు. అలాంటి గేములు చాలా తక్కువ. ఆ తర్వాత వచ్చిన 4090లో కార్డులను కలిపే ఎన్‌వీలింక్ కనెక్టరే లేదు. కాబట్టి ఆట కోసమే అయితే రెండో కార్డుకు పెట్టే ప్రతి రూపాయీ వృథా అవుతుంది. ఎడిటింగ్ సంగతి వేరు. బ్లెండర్ వంటి 3డీ సాఫ్ట్‌వేర్ రెండు కార్డులనూ రెండరింగ్‌కు, అంటే తుది దృశ్యాలను తయారుచేయడానికి, వాడుకుంటుంది. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిజాల్వ్‌లో మాత్రం డబ్బు పెట్టి కొనే స్టూడియో వెర్షన్‌కే ఆ వెసులుబాటు ఉంది, ఉచిత వెర్షన్ ఒక్క కార్డుతోనే సరిపెట్టుకుంటుంది. రెండరింగ్ ఆలస్యం వల్ల మీరు నెలకు ఎన్ని ఆర్డర్లు వదులుకుంటున్నారో మూడు నెలల పాటు రాసుకోండి. ఆ నష్టం నిజంగా కనిపించిననాడు రెండో కార్డు పెట్టుబడి అవుతుంది, అంతవరకు అది కోరిక మాత్రమే.

ఇక వాట్ల లెక్క. 3090 కార్డు 350 వాట్లు తీసుకుంటుంది, దానికి కనీసం 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని ఎన్‌విడియాయే సూచించింది. ప్రాసెసర్‌కు 170, మిగతావాటికి 80 వేసుకుంటే మొత్తం సుమారు 600 వాట్లు. పైగా ఈ కార్డు లోడు మీద ఉన్నప్పుడు రెప్పపాటు కంటే తక్కువ సమయంలో తన సగటును బాగా దాటి కరెంటు లాగుతుంది. మీ పాత యూనిట్ ఆ కుదుపుకే ఆగిపోతుండవచ్చు. 850లో ఆ కుదుపులకు తగిన చోటు ఉంది. రెండు కార్డులైతే లోడు 950 వాట్ల దాకా వెళ్తుంది, అప్పుడు 1200 కావాలి. 1600 మీకు ఏ లెక్కన చూసినా అక్కర్లేదు.

«ఇప్పుడే 1200 కొంటే మళ్ళీ మార్చనక్కర్లేదు కదా» అనే ఆలోచనలో న్యాయం లేకపోలేదు, అందుకే దాన్ని రూపాయల్లో చూద్దాం. ఇప్పుడే 1200 కొంటే రూ.10,000 అదనంగా ఈ రోజే ఖాయంగా ఖర్చవుతుంది. 850 కొని, రెండేళ్ళ తర్వాత మార్చాల్సి వస్తే, పాతదాన్ని సగం ధరకు అమ్మినా మీకు పోయేది రూ.5,500. అదీ రెండో కార్డు నిజంగా వస్తేనే. రాకపోతే ఏమీ పోదు.

గోల్డ్ ముద్ర విషయంలో కూడా అతిగా ఆశపడవద్దు. ఎస్‌ఎంపీఎస్ కరెంటును ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే 80 ప్లస్ ప్రమాణంలో 115 వోల్టుల వద్ద, సగం లోడులో, బ్రాంజ్‌కు 85 శాతం, గోల్డ్‌కు 90 శాతం సామర్థ్యం ఉండాలి. 600 వాట్ల లోడు మీద రోజుకు 4 గంటలు నడిపితే, ఆ తేడా వల్ల నెలకు 5 యూనిట్ల లోపే మిగులుతుంది. 2022 నుంచి అమలైన శ్లాబుల్లో 226 నుంచి 400 యూనిట్ల మధ్య ధర యూనిట్‌కు రూ.8.75; ఆ లెక్కన మిగిలేది నెలకు సుమారు రూ.40. గోల్డ్‌కు రూ.3,000 ఎక్కువ పెడితే అది కరెంటు బిల్లులో తిరిగి రావడానికి ఆరేళ్ళు పడుతుంది. అయినా గోల్డ్ కొనమంటున్నాను. చాలా గోల్డ్ యూనిట్లకు 7 నుంచి 10 ఏళ్ళ వారంటీ వస్తుంది, లోపలి వేడి కూడా తగ్గుతుంది. మే నెలలో మన ఊళ్ళో, అందులోనూ స్లాబు కింది పై అంతస్తు గదిలో, ఆ వేడి చిన్న విషయం కాదు. పెట్టె మీద పూర్తి వాట్లు ఇచ్చేది 40 డిగ్రీల వేడి దగ్గరా, 50 డిగ్రీల దగ్గరా అన్నది చూసి, 50 అని ఉన్నదాన్నే ఎంచుకోండి.

ఎంత పొదుపు చేయాలన్నా, పేరు తెలియని చవక యూనిట్ జోలికి మాత్రం వెళ్ళకండి. లేబుల్ మీద 12 వోల్టుల వరుసలోని ఆంపియర్లను 12తో గుణించండి. 650 వాట్లని పెద్ద అక్షరాల్లో రాసి, 12 వోల్టుల దగ్గర 35 ఆంపియర్లే ఇస్తే, కార్డుకూ ప్రాసెసర్‌కూ అందేది 420 వాట్లే. నేను ఒకప్పుడు ఆఫీసు కంప్యూటర్‌కు అలాంటిదే వేయించాను. అది కాలిపోతూ హార్డ్ డిస్క్‌నూ తీసుకుపోయింది, ఏడాది పని మళ్ళీ చేయాల్సి వచ్చింది. మీ డిస్కులో ఉన్నవి ఎవరి ఇంటి పెళ్ళి జ్ఞాపకాలో కదా. వాటిని మళ్ళీ తీయలేరు.

యూపీఎస్‌ను కూడా లెక్కలోకి తీసుకోండి. సాధారణంగా ఇళ్ళలో కనిపించే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. గేమ్ ఆడుతుండగా కరెంటు పోతే అది మీ కంప్యూటర్‌ను నడపలేకపోతుంది. మీ మొత్తం లోడుకు వాట్లలో సరిపడే పెద్దది కావాలి, దాని ధర కూడా ఈ బడ్జెట్‌లోదే.

నో కాస్ట్ ఈఎంఐలో కూడా ప్రాసెసింగ్ ఫీజు, బ్యాంకు లెక్కించే వడ్డీపై 18 శాతం జీఎస్‌టీ మీ మీదే పడతాయి. మీ రూ.60,000 మూడు నెలల ఖర్చులకు కూడా చాలదు. పెళ్ళి ముహూర్తాలు లేని నెలల్లో మీ ఆదాయం తగ్గుతుంది కాబట్టి, నా దృష్టిలో మీకు ఆరు నెలల ఖర్చులు, అంటే రూ.1,32,000 పక్కన ఉండాలి. నెలకు మిగిలే రూ.10,000లో రూ.8,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి.

చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో వెయ్యి రూపాయలు తక్కువకు దొరికినా, పాడైతే సర్వీసు కోసం మళ్ళీ అంత దూరం వెళ్ళాల్సి వస్తుందేమో ముందే అడగండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించండి. బిగించేటప్పుడు కార్డుకు విడివిడి కేబుళ్ళు వాడమనండి. పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్ళను కొత్తదానికి తగిలిస్తే, ప్లగ్గు సరిపోయినా లోపలి వైర్ల వరుస వేరుగా ఉండి కార్డు కాలిపోవచ్చు, కాబట్టి వాటిని ఆ రోజే పక్కన పడేయించండి.