నచ్చలేదని చెప్పాలా, మాట్లాడటం మానేయాలా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది తాడేపల్లిగూడెం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నల్లగండ్లలో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి ఫ్లాట్‌లో ఉంటున్నాను. మ్యాట్రిమోనీలో అమ్మ చూసిన ఒక అబ్బాయిని ఈ మూడు వారాల్లో రెండుసార్లు కాఫీ షాపులో కలిశాను. మనిషి చెడ్డవాడు కాదు. కానీ గంటన్నర కూర్చుంటే గంటంపావు తన గురించే చెప్పాడు. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. రెండోసారి టేబుల్ తుడవడానికి వచ్చిన కుర్రాణ్ని "ఒరేయ్" అన్నాడు. నాకు ముందుకెళ్లాలని లేదు. అతనేమో రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మతో గుడ్‌మార్నింగ్ పెడుతున్నాడు. "రిప్లై ఇవ్వడం ఆపేయ్, నాలుగు రోజుల్లో అతనికే అర్థమవుతుంది" అంటోంది రూమ్మేట్. పోయినేడాది నాతో నెలన్నర మాట్లాడిన ఒకతను అలాగే ఉన్నట్టుండి మాయమైపోయాడు. నాలో ఏం తప్పు కనపడిందో ఇప్పటికీ తెలియదు. ఆ బాధ ఇంకొకరికి పెట్టలేను. అందుకే ఉన్నదున్నట్టు ఒక మెసేజ్ రాశాను, మీకూ పంపుతున్నాను. అతనికి పంపేయమంటారా? మా పక్క బ్లాకులో వాకింగ్‌లో పరిచయమైన ఒకావిడతోనూ ఇదే ఇబ్బంది. ఎప్పుడూ ఆవిడ కోడలి గొడవే. ఆవిడకీ చెప్పేయాలా?

జవాబు: మీ మెసేజ్ రెండుసార్లు చదివానమ్మా. పదకొండు లైన్లు ఉంది. పంపకండి. అలాగని మీ రూమ్మేట్ చెప్పినట్టు మాయమవనూ వద్దు.

ఎందుకో చెప్పే ముందు నా సంగతి ఒకటి వినండి. 1993 వేసవిలో నన్ను చూసుకోవడానికి ఏలూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. పెసర పుణుకులు తిన్నారు. అమ్మ చేసిన అల్లప్పచ్చడి బాగుందన్నారు. నాచేత ఒక పాట పాడించారు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ పెద్దాయన "ఇంటికెళ్లి కబురు చేస్తాం" అన్నాడు. మాకు ఫోన్ లేదు. నాన్న ఎదురింటివాళ్ల నంబరు కాగితం మీద రాసి, పక్కన పీపీ అని పెట్టి ఇచ్చాడు, అంటే ఫోన్ వస్తే వాళ్లు మమ్మల్ని పిలుస్తారని. ఆ తర్వాత నలభై రోజులు, ఎదురింట్లో ఫోన్ మోగితే చాలు, నాన్న చదువుతున్న పేపరు మడిచేవాడు. లేచేవాడు కాదు. మడిచి, ఎవరైనా పిలుస్తారేమోనని కాసేపు వీధిలోకి చూసి, మళ్లీ పేపరు విప్పేవాడు.

కబురు రాలేదు. తర్వాత ఎవరి పెళ్లిలోనో ఆ సంబంధం తెచ్చిన పేరయ్య కనపడితే నాన్న ఉండబట్టలేక అడిగాడు. ఆయన దాచలేదు. "అమ్మాయి మరీ గట్టిగా నవ్విందటండీ" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ రోజు నుంచి పదేళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వాను. నా పెళ్లి ఆల్బమ్‌లో సగం ఫొటోల్లో చెయ్యే కనిపిస్తుంది.

జవాబు రాకపోవడం మా నాన్నని నలభై రోజులు తినేసింది. కారణం తెలియడం నన్ను పదేళ్లు తినేసింది. అందుకే మీ రూమ్మేట్ మాటా, మీ మెసేజూ రెండూ నాకు నచ్చలేదు. అతనికి మీరు ఇవ్వాల్సింది జవాబు. అతను ఎలాంటివాడో మీరు తేల్చి చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు ఘోస్టింగ్ అనే కొత్త పేరు వచ్చింది గానీ, "కబురు చేస్తాం" అని వెళ్లిపోవడం మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే. కాకపోతే అప్పట్లో మధ్యలో ఒక మనిషి ఉండేవాడు. "వద్దు" అన్న మాట ఎవరూ ఎవరి మొహమ్మీదా అనేవాళ్లు కాదు. పేరయ్య దాన్ని మోసుకెళ్లి, దారిలో కాస్త పంచదార కలిపి, "వాళ్లు ఈ ఏడాది చెయ్యరటండీ" అని అప్పగించేవాడు. మా పేరయ్యకి ఆ విద్య రాలేదు, అది వేరే సంగతి. ఇప్పుడు యాప్ వచ్చి ఆయన ఫీజు తీసుకుంది, ఆయన పని మాత్రం తీసుకోలేదు. అది మీ మెడకు చుట్టుకుంది. పైగా వాట్సాప్‌లో నీలం టిక్కులొకటి. 2014 నవంబరులో అవి వచ్చేదాకా "చూసి ఉండడులే" అని మనసుకి సర్దిచెప్పుకునే వీలుండేది. ఇప్పుడు చూశాడని తెలుసు, పలకలేదని కూడా తెలుసు.

రెండు కాఫీల పరిచయానికి ఇంత బాధేమిటి అని మీ రూమ్మేట్ అనొచ్చు. కిప్లింగ్ విలియమ్స్ అని అమెరికాలో ఒక సైకాలజిస్టు ఉన్నారు. ఒకరోజు పార్కులో కూర్చుంటే, ఇద్దరు ఆడుకుంటున్న ఫ్రిస్బీ, అంటే గాల్లోకి విసిరే ప్లాస్టిక్ పళ్లెం, దొర్లుకుంటూ వచ్చి ఆయన దగ్గర పడింది. తీసి విసిరారు. వాళ్లు మళ్లీ ఆయనకి విసిరారు. కాసేపు ముగ్గురూ ఆడారు. ఉన్నట్టుండి వాళ్లిద్దరూ ఈయన వైపు విసరడం మానేశారు. ఒక్క మాట లేదు. వాళ్లెవరో ఈయనకి తెలియదు, మళ్లీ కలిసేదీ లేదు. అయినా మనసు చివుక్కుమంది. తర్వాత 2000లో ఆయనా, ఆయనతో పనిచేసినవాళ్లూ దాన్నే కంప్యూటర్‌లో బంతాటగా మార్చి పరీక్షించారు. బంతి రానివాళ్లు బాధపడ్డారు. ఇంకో పరీక్షలో, అవతల ఆడేది మనుషులు కాదు, కంప్యూటరే అని కొందరికి ముందే చెప్పారు. బంతి రావడం ఆగిపోయేసరికి వాళ్లు కూడా బాధపడ్డారు. మీరు పోయినేడాది ఎందుకు అంత కుంగిపోయారో ఇప్పుడు అర్థమైందా? అది మీ బలహీనత కాదు.

ఇక మీ పదకొండు లైన్ల సంగతి. "మీకు ఎదుటి మనిషి మీద ఆసక్తి లేదు" అని మూడో లైన్. రెండు మధ్యాహ్నాలు చూసి ఆ మాట ఎలా అంటారు? టెన్షన్‌కి మూగబోయేవాళ్లు కొందరు, నోరు ఆగనివాళ్లు కొందరు. అతను నిజంగానే అలాంటివాడు కావచ్చు, కాకపోవచ్చు. మీకు తెలిసింది మీకు నచ్చలేదని మాత్రమే. "ఒరేయ్" గురించి అయిదో లైన్. అది నాకూ నచ్చలేదు. నేనైతే అక్కడే, ఆ టేబుల్ దగ్గరే "అలా పిలవకండి, బాగుండదు" అనేదాన్ని. అప్పుడు అని ఉంటే అది మాట. రెండు వారాల తర్వాత వాట్సాప్‌లో రాస్తే చార్జిషీటు.

ఏడో లైన్ దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. "కనీసం కారణం తెలుసుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది కదా" అని రాశారు. ఇతను మిమ్మల్ని కారణం అడగనే లేదమ్మా. పొద్దున్నే పువ్వుల బొమ్మలు పెడుతున్నాడు, అంతే. ఆ లైనూ, దాని కింద నాలుగూ మీరు పోయినేడాది అతనికి రాశారు. అడ్రసు మాత్రం ఇతనిది.

పంపాల్సింది ఇంతే:

"నమస్తే అండీ. మీరు టైమ్ పెట్టుకుని రెండుసార్లు వచ్చి కలిశారు, థ్యాంక్స్. బాగా ఆలోచించాను. ఈ సంబంధం ముందుకు తీసుకెళ్లాలని నాకు లేదు. ఇంట్లో కూడా చెప్పాను. మీకు మంచి సంబంధం కుదరాలని కోరుకుంటున్నాను."

పొడిగా ఉందనిపించి ఇంకేదో కలపాలని మీ చెయ్యి పీకుతుంది. కలపకండి. "ప్రస్తుతానికి" అనే మాట అసలు వద్దు. ఆ ఒక్క మాట పట్టుకుని మనుషులు ఆర్నెల్లు ఎదురుచూస్తారు. "ఫ్రెండ్స్‌గా ఉందాం" అనీ వద్దు, మీరు ఉండరు. అన్నిటికంటే ముఖ్యంగా జాతకాల మీదకి తొయ్యకండి. మర్యాదగా తప్పుకోవడానికి మనవాళ్లకి దొరికే మొదటి అబద్ధం అదే కదా. ఎంతో మంది ఆ దారిన వెళ్లి ఇరుక్కున్నారు. మీరు కుజదోషం అంటే వాళ్లమ్మగారు ఇంకో పంతుల్ని పట్టుకుని "శాంతి చేయిస్తే సరిపోతుందటమ్మా" అంటూ తిరిగొస్తారు. అప్పుడేం చెబుతారు?

మెసేజ్ కంటే ముందు మీ అమ్మగారికి ఫోన్ చెయ్యండి. సంబంధం తెచ్చింది ఆవిడ. అబ్బాయి వాళ్లమ్మ నోటి నుంచి ఈ కబురు ఆవిడకి చేరితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. "ఇంత చిన్నదానికా? కుర్రాడు బుద్ధిమంతుడే, పెళ్లయ్యాక సర్దుకుంటాడు" అంటారు. అననివ్వండి. 29 ఏళ్ల కూతురుంటే రాత్రుళ్లు నిద్ర పట్టని అమ్మలు నాకు తెలుసు. ఆవిడతో వాదనకి దిగకుండా "అమ్మా, గంటన్నరలో నేను పట్టుమని పది మాటలు మాట్లాడలేదే" అని చెప్పండి. ఆ ఒక్కటీ ఆవిడకి తగలొచ్చు. ఆవిడ కూడా అదే రోజు వాళ్లింటికి ఫోన్ చేసి "మా అమ్మాయికి కుదరలేదండీ" అని చెప్పేయాలి. మీరొకటి, ఆవిడొకటి చెబితే మళ్లీ మొదటికొస్తుంది.

అతను "ఎందుకు?" అని అడగొచ్చు. అడిగే హక్కుంది. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. మర్యాదగా అడిగాడు, చెబితే వినేలా ఉన్నాడు అనిపిస్తే ఒకే ఒక్క సంగతి చెప్పండి. అది కూడా మీ వైపు నుంచి: "మనం మాట్లాడుకున్నప్పుడు నా గురించి చెప్పుకునే సందు నాకు దొరకలేదనిపించింది." అక్కడ ఆపండి. దీన్ని అతను రేపు ఇంకో అమ్మాయి ఎదురుగా కూర్చున్నప్పుడు వాడుకోగలడు. నేను నా నవ్వుని ఏం చేసుకోను? మార్చుకోగలిగినదైతే, అడిగితే, ఒక్కసారి చెప్పొచ్చు. ఎత్తు, రంగు, గొంతు, బట్టతల, వాళ్ల నాన్న మాట్లాడే తీరు, ఇవేవీ మీ నోటి నుంచి రాకూడదు, ఎంత అడిగినా.

రెండోసారి "అలా కాదు, నేను మారతాను" అంటే "ఆలోచించే చెప్పానండీ, నా నిర్ణయం మారదు" అనండి. మూడోసారికి బ్లాక్ చెయ్యండి, చెప్పాపెట్టకుండా. అది ఘోస్టింగ్ కిందికి రాదు. మీరు చెప్పాల్సింది చెప్పేశారు.

మాయమవడం వద్దనడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ స్టాకింగ్ గురించి. తనకి ఆసక్తి లేదని స్త్రీ స్పష్టంగా తెలియజేశాక కూడా ఒక మగవాడు పరిచయం పెంచుకోవాలని పదే పదే వెంటపడి కాంటాక్ట్ చేస్తే నేరం. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. 2013లో పాత ఐపీసీలో చేర్చిన సెక్షనే ఇలా కొనసాగుతోంది. "స్పష్టంగా" అన్న మాట గమనించారా? మీరు మౌనంగా ఉండిపోతే "ఆవిడ వద్దని ఎప్పుడన్నారు?" అని అవతలివాడు అనగలడు. పై మెసేజ్ మీ ఫోన్‌లో తారీఖుతో సహా ఉంటే అనలేడు. ఇతను అలాంటివాడని నేను అనడం లేదు. పువ్వుల బొమ్మలు పెట్టేవాళ్లలో నూటికి తొంభైమంది పాపం వట్టి అమాయకులు. కానీ ఎవరి విషయంలోనైనా, బెదిరింపో, బూతో, మీ ఆఫీసు గేటు ముందు నిలబడటమో జరిగితే ఈ మర్యాదలన్నీ పక్కన పెట్టేయండి. స్క్రీన్‌షాట్లు తీసుకుని పోలీసుల షీ టీమ్స్‌కి చెప్పండి. 2014 నుంచి వాళ్లు హైదరాబాద్‌లో ఉన్నది ఇందుకే. అర్జెంటైతే 112కి ఫోన్ చెయ్యండి. భయపెట్టినవాడికి ఏ జవాబూ బాకీ లేరు.

అన్నట్టు, రెండు బిల్లులూ అతనే కట్టి ఉంటే, వద్దని చెప్పాక సగం డబ్బులు ఫోన్‌పే చెయ్యాలన్న ఆలోచన మీకు వస్తుంది, మీ మెసేజ్ తీరు చూస్తే తెలుస్తోంది. చెయ్యకండి. చెంప మీద కొట్టినట్టుంటుంది.

వాకింగ్ ఆవిడ సంగతి తేలిక. దానికి మెసేజ్ ఎందుకు? వారంలో అయిదు రోజులు కలిసేది రెండు రోజులు చెయ్యండి, ఒక రౌండు ఫోన్‌లో అమ్మతో మాట్లాడుతూ నడవండి. పరిచయాలు ఇలా పలచబడటం మామూలే, ఆవిడ కూడా ఎంతోమంది విషయంలో చేసే ఉంటుంది. లిఫ్టులో కనిపిస్తే మాత్రం మొహం తిప్పుకోకండి, "బాగున్నారా ఆంటీ" అనండి. కోడలి గొడవ మళ్లీ మొదలైతే, "ఆంటీ, ఇంట్లో విషయాలు నాకు చెప్పొద్దండీ, నాకు ఏం చెప్పాలో తెలియడం లేదు" అని ఒక్కసారి అనొచ్చు. నిజానికి ఆవిడకి వినే మనిషి కావాలేమో. ఆ మనిషి మీరే కానక్కర్లేదు.

మీ అమ్మగారికి ఈ రాత్రే ఫోన్ చెయ్యండి. అతనికి మెసేజ్ రేపు పొద్దున పంపండి, తర్వాతి గుడ్‌మార్నింగ్ వచ్చాక దాని కిందే. రాత్రి పదకొండింటికి ఇలాంటివి పంపితే అవతలివాళ్లకి తెల్లార్లూ జాగారమే.

ఆ పదకొండు లైన్లు డిలీట్ చెయ్యకండి. ఇతని గురించి ఉన్న లైన్లు తీసేసి, మిగిలిన అయిదింటిని ఒక కాగితం మీద చేత్తో రాయండి, పోయినేడాది అతని పేరుతోనే. ఎంత పొడవైనా పరవాలేదు, తిట్లున్నా పరవాలేదు. అతనికి పంపొద్దు. నాకు పంపండి, నేను చదువుతాను.