మిడ్జ్‌ను దోమ అనవచ్చునా?

సందేహం: ఉష్ణమండల దీవుల్లోని నీటి మిడ్జ్‌ల గుర్తింపుపై ఒక పాఠాన్ని తెలుగు చేస్తున్నాను. మిడ్జ్‌కు ‘దోమ’ సరిపోతుందా? కైరోనమస్ అంటే ఏమిటి? స్పీషీస్‌ను జాతి అనాలా, ప్రజాతి అనాలా? – ఒక ఉపాధ్యాయుడు, హనుమకొండ

సమాధానం: దోమ అనకండి. మిడ్జ్ దోమను పోలిన చిన్న పురుగు. మీ పాఠంలోని నీటి మిడ్జ్‌ల కుటుంబం పేరు కైరోనమిడే. ఈ కుటుంబపు పురుగు కుట్టదు. దానికి దోమకున్నట్టు పొడవాటి తొండం లేదు, రెక్కల ఈనెల మీద పొలుసులు లేవు. చెరువుగట్టు దీపం చుట్టూ ముసిరిన ప్రతిదాన్నీ పత్రికలు దోమ అని రాసేస్తున్నాయి. అది చదివి జనం కుట్టని పురుగుల మీద మందు కొడుతున్నారు.

కైరోనమస్ ఈ కుటుంబంలోని ఒక ప్రజాతికి (జీనస్‌కు) 1803లో జర్మన్ కీటక శాస్త్రవేత్త మైగెన్ పెట్టిన పేరు. గ్రీకులో ‘కైర్’ అంటే చేయి. ‘నెమెయిన్’ అంటే నడపడం, నియమించడం. కైరోనోమోస్ అంటే మాట లేకుండా చేతులతోనే కథ నడిపే నటుడు. ఈ పురుగు వాలినప్పుడు పొడవైన ముందుకాళ్లు పైకెత్తి ఆడిస్తుంది. వాలిన క్యూలెక్స్ దోమ ఎత్తేది వెనకకాళ్లను. గణపతిదేవుని గజసేనాని జాయప ‘నృత్తరత్నావళి’ అనే నాట్యగ్రంథం రాసిన నేల మనది. 1213 నాటి రామప్ప గుడి మదనికల చేతుల్ని చూసినవారికి ఈ పేరు పరాయిగా తోచదు. శాస్త్రనామాన్ని మార్చనక్కరలేదు కానీ, పాఠంలో ‘హస్తాభినయం చేసేది’ అని ఒక్క మాట చేర్చండి. పిల్లలకు గుర్తుపట్టే లక్షణం పేరుతోపాటే అందుతుంది.

మిడ్జ్‌కు నా మొగ్గు ‘నీటి నుసుమ’ వైపు. ఒట్టి నుసుమ అంటే కళ్ల మీద ముసిరేది కూడా అవుతుంది కనుక ‘నీటి’ ఉండాలి. ‘ఎగిరే పురుగు’ అని మాత్రం నిర్వచించకండి. 1926లో కీటక శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్ సమోవా దీవుల నుంచి వర్ణించిన పాంటోమియా కూడా ఈ కుటుంబపుదే. దాని మగది రెక్కలను తెడ్లుగా వాడి సముద్రం మీద జారిపోతుంది. ఆడదానికి రెక్కలే లేవు.

జీనస్ ప్రజాతి, స్పీషీస్ జాతి; దగ్గరి పోలికలున్న జాతుల గుంపే ప్రజాతి. వీటిని తారుమారు చేసి రాయడం ఈమధ్య ఎక్కువైంది; ఈ పాఠంలో అది శాస్త్రదోషమే, ఎందుకంటే గుర్తింపులో ఈ రెండూ వేర్వేరు మెట్లు. లార్వా తల తీసి, పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కండ కరిగేదాకా ఉంచి, కడిగి, అడుగువైపు పైకి వచ్చేలా స్లైడు మీద పెడతారు. పక్కకు ఒరిగితే నోటి కింది పలక పళ్లు లెక్కకు రావు. అంత చేసినా తరచు తేలేది ప్రజాతే. జాతి తేలాలంటే చాలాసార్లు మగదాని తోక చివరి జననాంగాలు చూడవలసిందే. అందుకే లార్వాను విడిగా సీసాలో పెంచి, అది విడిచిన పొర, ప్యూపా పొర, రెక్కల పురుగు మూడింటినీ ఒకే చీటీతో ఆల్కహాల్‌లో దాస్తారు. చీటీలు విడిపోతే ఒకే జాతికి రెండు పేర్లు పడతాయి. వేరే ఖండం పురుగులకు రాసిన గుర్తింపు పట్టికతో దీవి పురుగుకు బలవంతాన పేరు అంటగట్టినా తప్పే. లార్వా ఒక్కటే దొరికితే ప్రజాతి పేరు రాసి, ‘జాతి తేలలేదు’ అని పక్కన చేర్చండి.